ఊకకు బిల్లుండదు: శ్రీకాకుళం, విజయనగరం మిల్లులకు ఇంధన పొదుపు సాయం ఎక్కడ చిక్కుపడుతోంది

క్లుప్తంగా: ఇంధనం పొదుపు చేసే యంత్రాలు కొనే చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు కేంద్రం 2025 నుంచి వడ్డీ రేటులో 3 నుంచి 5 శాతం పాయింట్లు భరిస్తోంది. ఇందుకు కనీసం 10 శాతం పొదుపును కొలతలతో చూపించాలి. ఉత్తరాంధ్రలో రైస్ మిల్లులు, జీడి యూనిట్లు ఎక్కువగా సీజన్‌లోనే పూర్తిస్థాయిలో నడుస్తాయి. వాటి ఇంధనంలో పెద్ద వాటా కరెంటుది కాదు, ఊకది, జీడి తొక్కది, కట్టెలది. వాటిని తూచి రాసే అలవాటు తక్కువ. అందుకే ఇక్కడ అసలు చిక్కు అప్పు దగ్గర కాదు, కొలత దగ్గర వస్తుంది.

అప్పు మీద వడ్డీ తగ్గుతుందట, పాత మోటార్లు మార్చుకోవచ్చట అన్నంతవరకే ఈ పథకం గురించి చాలామంది మిల్లు యజమానులకు తెలుసు. దాని పూర్తి పేరు నోరు తిరగనంత పొడుగు: అసిస్టెన్స్ ఇన్ డిప్లాయింగ్ ఎనర్జీ ఎఫిషియెంట్ టెక్నాలజీస్ ఇన్ ఇండస్ట్రీస్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్. పొట్టిగా ‘అడీటీ’. 2025 జులై 15న హర్యానాలోని పానిపట్‌లో మొదలైంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) దీన్ని నడుపుతోంది. మొత్తం రూ.1,000 కోట్లలో వడ్డీ రాయితీకి రూ.875 కోట్లు, ఎనర్జీ ఆడిట్లకు (ఇంధన వాడకాన్ని కొలిచి చూసే తనిఖీలకు) రూ.50 కోట్లు, అమలులో సాయానికి రూ.75 కోట్లు కేటాయించారు. గడువు 2025-26 నుంచి 2027-28 దాకా.

రాష్ట్రం వైపు నుంచి ఈ పనులు చూసేది ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఎనర్జీ కన్జర్వేషన్ మిషన్. ఇంధన పొదుపులో రాష్ట్రాలకు బీఈఈ ఇచ్చే 2024 సూచీలో, తన వినియోగ స్థాయి గ్రూపులో ఆంధ్రప్రదేశ్ ముందు నిలిచింది. ఆ సూచీ కొలిచేది విధానాలు, ఏర్పాట్లు, మొత్తం ఫలితాలు. పలాసలో జీడిపప్పు ఆరబెట్టే ఒక బోర్మా, చీపురుపల్లిలో ఒక ధాన్యం డ్రయ్యర్ ఎంత తింటున్నాయో అందులో కనిపించదు.

పెద్దవాటికి లక్ష్యం, చిన్నవాటికి వడ్డీ

ప్రభుత్వ సాయం రెండు దారుల్లో నడుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. మొదటిది 2001 ఇంధన పరిరక్షణ చట్టం కింద పెద్ద పరిశ్రమలకు పెట్టే తప్పనిసరి లక్ష్యాలు. 2012లో మొదలైన ‘పాట్’ పథకంలో ఒక్కో పెద్ద వినియోగదారు టన్ను ఉత్పత్తికి ఎంత ఇంధనం తగ్గించాలో ముందే చెబుతారు. లక్ష్యానికి మించి పొదుపు చేస్తే సర్టిఫికెట్లు వస్తాయి, అందుకోలేకపోతే కొనుక్కోవాలి. ఒక సర్టిఫికెట్ అంటే ఒక టన్ను చమురుతో సమానమైన ఇంధనం. 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ వ్యాపారం దీని తర్వాతి రూపం.

ఈ దారి ఎవరికో తెలియాలంటే ఒక లెక్క చాలు. వస్త్ర రంగంలో ఏడాదికి 3,000 టన్నుల చమురుతో సమానమైన ఇంధనం వాడే మిల్లే ఇందులోకి వస్తుంది. ఒక టన్ను అంటే దాదాపు 11,630 యూనిట్ల కరెంటు. అంటే అంతా కరెంటే అనుకుంటే సుమారు మూడున్నర కోట్ల యూనిట్లు. ఇనుము, ఉక్కుకు మొదట పెట్టిన హద్దు 30,000 టన్నులు. కాశీబుగ్గలో జీడి ఆడించే షెడ్డుకూ దీనికీ సంబంధం లేదు.

రెండో దారి అడీటీ వంటిది. ఇక్కడ లక్ష్యం లేదు, జరిమానా లేదు. ఇష్టమైతే రావచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థలకు వడ్డీ రేటులో 5 శాతం పాయింట్లు, మధ్యతరహా సంస్థలకు 3 శాతం పాయింట్లు ప్రభుత్వం భరిస్తుంది. 14 రంగాలకే ఇది పరిమితం: ఇత్తడి, ఇటుకలు, సిరామిక్స్, రసాయనాలు, చేపల పరిశ్రమ, ఆహారశుద్ధి, ఫోర్జింగ్, ఫౌండ్రీ, గాజు, తోలు, కాగితం, ఫార్మా, స్టీల్ రీరోలింగ్, వస్త్రాలు. అదీ మొదట 60 క్లస్టర్లలో (ఒకే రంగం యూనిట్లు గుంపుగా ఉన్న ప్రాంతాల్లో), తర్వాత మరో 100 క్లస్టర్లలో. కాబట్టి ఆడిటర్‌ను పిలిచే ముందు చూసుకోవాల్సింది రంగం పేరొక్కటే కాదు, తమ ప్రాంతం క్లస్టర్ల జాబితాలో ఉందో లేదో కూడా. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో తయారీ అని ఉందా, వ్యాపారమని ఉందా అన్నది మరో ముఖ్యమైన సంగతి. జీడిపప్పు కొని అమ్ముతూ, పక్కనే షెడ్డులో పిక్కలు కూడా ఆడించేవారి కాగితాల్లో వ్యాపారం మాత్రమే కనిపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

వడ్డీ రాయితీ చేతికి ఎంత

ఒక చిన్న యూనిట్ రూ.20 లక్షల అప్పు తీసుకుని అయిదేళ్లలో నెలవారీ సమాన అసలు వాయిదాలతో తీర్చిందనుకుందాం. 5 శాతం వడ్డీ రాయితీ ఆ అయిదేళ్లూ అందితే మొత్తం కలిపి సుమారు రూ.2.5 లక్షలు. అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి రాయితీ కూడా ఏటేటా తగ్గుతుంది. మొదటి ఏడాది దాదాపు రూ.90 వేలు వస్తే, చివరి ఏడాది అది రూ.10 వేల దగ్గరికి పడిపోతుంది.

అంటే పెట్టుబడిలో ఎనిమిదో వంతు. మిగతా ఏడు వంతులూ యంత్రం మిగిల్చే ఇంధనంలోంచే రావాలి. రాయితీ ఉంది కదా అని చేసే పని కాదిది. పొదుపు లెక్క నిలిచినప్పుడు రాయితీ కాస్త ఊతమిస్తుంది, నిలవనప్పుడు ఏమీ చేయలేదు. ఆ లెక్క నిలుస్తుందో లేదో తేల్చేది ఏడాదిలో యంత్రం తిరిగే గంటలు.

ఒకే మోటారు, రెండు మిల్లులు

20 హెచ్‌పీ, అంటే 15 కిలోవాట్ల, నాలుగు పోళ్ల మోటారును తీసుకుందాం. మోటార్ల సామర్థ్య తరగతుల్లో (ఐఈ అంకె పెరిగేకొద్దీ సామర్థ్యం ఎక్కువ) పాత ఐఈ1 రకం కొత్తగా ఉన్నప్పుడు సామర్థ్యం 88.7 శాతం. రెండు మూడుసార్లు కాలిపోయి రీవైండింగ్ చేయించాక 86 శాతానికి దిగిందనుకుందాం. మాడిన చుట్టను తీయడానికి మోటారులో తిరగని భాగమైన స్టేటర్‌ను మంటమీద మరీ వేడి చేస్తే కోర్ రేకుల మధ్య ఇన్సులేషన్ పోతుంది. అసలు కంటే సన్న తీగ చుడితే రాగి నష్టం పెరుగుతుంది. అదే సైజు ఐఈ3 మోటారు సామర్థ్యం 92.1 శాతం.

ముప్పాతిక లోడు మీద పాతది 13.08 కిలోవాట్లు లాగుతుంది, కొత్తది 12.21. తేడా గంటకు 0.87 యూనిట్లు. మోటారు, బిగింపు ఖర్చు కలిపి రూ.70 వేలు, యూనిట్ రూ.7 అని లెక్కకు పెట్టుకుంటే ఇలా తేలుతుంది. మూడు షిఫ్టులూ నడిచే జూట్ మిల్లులో 300 రోజులకు 7,200 గంటలు. ఏడాదికి దాదాపు 6,260 యూనిట్లు, రూ.43,800 మిగులు. ఏడాదిన్నర దాటేసరికి పెట్టుబడి తిరిగొస్తుంది. సీజన్‌లో 120 రోజులు, రోజుకు 16 గంటలు నడిచే రైస్ మిల్లులో 1,920 గంటలే. 1,670 యూనిట్లు, రూ.11,700. పెట్టుబడి రావడానికి ఆరేళ్లు.

యంత్రం అదే, రాయితీ అదే. కస్టమ్ మిల్లింగ్‌కు (ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని ఆడించి ఇవ్వడానికి) ధాన్యం ఎప్పుడు, ఎంత వస్తుందన్నదాని మీద గంటలు ఆధారపడే మిల్లుకు ఈ ఆరేళ్లు ఎనిమిదేళ్లు కూడా కావచ్చు. అలాంటి మిల్లు నడుస్తున్న మోటారును తీసి పారేయడం కంటే, ఈసారి కాలిపోయినప్పుడు మళ్లీ చుట్టించకుండా ఐఈ3 కొనాలని నిర్ణయించుకోవడం మేలు. అప్పుడు లెక్కలోకి వచ్చేది పూర్తి ధర కాదు, రీవైండింగ్ ఖర్చుకూ కొత్త మోటారు ధరకూ మధ్య తేడా మాత్రమే.

మార్చినా యూనిట్లు తగ్గకపోతే

కొత్త మోటారు పెట్టాక కరెంటు తగ్గలేదని ఫిర్యాదు వినబడే చోట ముందు చూడాల్సింది పుల్లీ. సామర్థ్యం ఎక్కువున్న మోటారుకు స్లిప్ (లోడు మీద వేగం తగ్గడం) తక్కువ, కాబట్టి కాస్త వేగంగా తిరుగుతుంది. 1,440 చుట్లు తిరిగే చోట 1,465 తిరిగితే ఎలివేటర్‌కు పెద్ద తేడా ఉండదు. బ్లోయర్‌కు మాత్రం ఉంటుంది. ఫ్యాన్ లాగే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ 25 చుట్లకే 5 శాతానికి పైగా అదనపు శక్తి కావాలి. పొదుపులో చాలా భాగం అక్కడే ఆవిరైపోతుంది. మోటారు పుల్లీని ఆ నిష్పత్తిలో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

ఇదే సూత్రం తిరగేస్తే లాభం. గాలిని అడ్డుకునే తలుపు (డ్యాంపర్) సగం మూసి నడిపే డ్రయ్యర్ బ్లోయర్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగాన్ని 80 శాతానికి దించితే శక్తి దాదాపు సగానికి పడుతుంది. రోజంతా పూర్తి గాలి అవసరమైన చోట మాత్రం వీఎఫ్‌డీ దండగ. అది తానే రెండు నాలుగు శాతం తింటుంది. వీఎఫ్‌డీలు ఎక్కువైన ప్యానెల్‌లో హార్మోనిక్స్ (కరెంటు తరంగంలో వచ్చే వికృతి) వల్ల కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి. దాన్ని అడ్డుకునే డీట్యూన్డ్ రియాక్టర్ ఖర్చును కొటేషన్‌లో వదిలేసే సరఫరాదారులు తక్కువేం కాదు.

ఊక, తొక్క: పొదుపు ఎక్కువున్న చోటు

ఉప్పుడు బియ్యం ఆడే మిల్లులో ధాన్యం నానబెట్టడానికి, ఉడికించడానికి, ఆరబెట్టడానికి కావాల్సిన వేడి ముందు మోటార్ల కరెంటు చిన్నది. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే. మిల్లులోనే పుడుతుంది, మిల్లులోనే కాలుతుంది, కాబట్టి దానికి బిల్లుండదు. పారేయాల్సిన సరుకుగా ఉన్న రోజుల్లో ఎంత కాల్చినా అడిగేవారు లేరు. ఇప్పుడు ఇటుక బట్టీలు, బయోమాస్ బాయిలర్లు కొంటున్నాయి. పొయ్యిలో మిగిల్చిన ప్రతి బస్తా అమ్ముడుపోతుంది.

కిలో ఊకలో సుమారు 3,100 కిలోకేలరీల వేడి ఉంటుంది. బాయిలర్ సామర్థ్యం 60 శాతమైతే కిలో ఊకకు దాదాపు 3 కిలోల ఆవిరి, 70 శాతమైతే దాదాపు మూడున్నర కిలోలు వస్తుంది. ఈ తేడా ఒక్కటే ఊకలో ఏడో వంతు మిగులు. మోటార్లన్నీ మార్చినా ఈ స్థాయి రాదు.

నష్టం ఎటు పోతోందో కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బూడిద రంగు చూస్తే చాలు. నల్లగా ఉంటే కాలని కార్బన్ అందులో పోతోంది. బూడిద తలుపు సందుల్లోంచి, పగిలిన ఇటుక గోడల్లోంచి దొంగగాలి లోపలికి దూరితే ఆ గాలిని వేడిచేసి చిమ్నీలోంచి బయటికి పంపడమే పని. పొగలో ఆక్సిజన్ 12 శాతం ఉందంటే అవసరం కంటే 130 శాతానికి పైగా అదనపు గాలి వెళ్తోందని అర్థం. 8 శాతానికి దించితే అది 60 శాతం చుట్టుపక్కలకు వస్తుంది. పొగ ఉష్ణోగ్రత ప్రతి 22 డిగ్రీలు తగ్గితే ఇంధనంలో 1 శాతం, బాయిలర్‌కు పోసే నీరు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే మరో 1 శాతం మిగులుతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. డ్రయ్యర్ రేడియేటర్‌లో ఆవిరి చల్లారి నీరైన కండెన్సేట్‌ను కాలవలోకి వదలకుండా ఫీడ్ ట్యాంకుకు మళ్లిస్తే నీరు 30 నుంచి 60 డిగ్రీలకు చేరొచ్చు. అంటే 5 శాతం. ధాన్యంలోకి నేరుగా వదిలే ఆవిరికి మాత్రం కండెన్సేట్ తిరిగి రాదు.

పొగ వేడితో బాయిలర్ నీటిని వేడిచేసే ఎకనమైజర్ పెడదామని సరఫరాదారు అన్నప్పుడు రెండు సంగతులు అడగాలి. అది ఒత్తిడి భాగం కాబట్టి బాయిలర్ల శాఖ అనుమతి కావాలి. అదే పొగతో గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్ ఒత్తిడి భాగం కాదు. రెండోది, ఊక బూడిదలో సిలికా ఎక్కువ. గరుకు కాగితంతో రుద్దినట్టు ట్యూబులను అరగదీస్తుంది, సందుల్లో పేరుకుంటుంది. ముందు డస్ట్ కలెక్టర్, శుభ్రం చేసేందుకు తలుపు లేకపోతే మొదటి సీజన్ పొదుపు రెండో సీజన్‌లో ఉండదు.

పలాసలో సమస్య రూపం వేరు. జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించి, కోసి, పప్పును బోర్మాలో 70 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఆరబెట్టి పొట్టు తీస్తారు. నూనె తీయని తొక్కను పొయ్యిలో వేస్తే చిక్కటి నల్లపొగ వచ్చి ట్యూబులకు తారులా అంటుకుంటుంది. ఆ మసి పొర వేడిని నీటికి చేరనివ్వదు. నూనె తీసిన చెక్క శుభ్రంగా మండుతుంది. బోర్మాలో పై ట్రేకూ కింది ట్రేకూ మధ్య వేడి తేడా ఎక్కువైతే కొంత పప్పు మాడుతుంది, కొంత పచ్చిగా ఉండి పొట్టు తీసేటప్పుడు బద్దలవుతుంది. గుండుకూ బద్దకూ ధరలో ఉన్న తేడా ముందు ఇంధనం ఖర్చు చిన్నది. అందుకే ఇక్కడ వేడి సమంగా పారేలా చేసే మార్పులకు యజమానులు త్వరగా ఒప్పుకుంటారు, ఇంధనం పొదుపు దాని వెంట వస్తుంది.

గాలి లీకులూ ఒక వింత చిక్కూ

పొట్టు తీసే యంత్రాలు కంప్రెసర్ గాలి మీద నడుస్తాయి. ఆదివారం యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్‌ను మాత్రం నడపాలి. అది 2 నిమిషాలు లోడ్ అయి 6 నిమిషాలు ఖాళీగా ఉంటే, ఎనిమిదిలో రెండు, అంటే 25 శాతం గాలి లీకుల్లో పోతోంది. 22 కిలోవాట్ల కంప్రెసర్ ఏడాదికి 3,000 గంటలు నడిస్తే అది సుమారు 16,500 యూనిట్లు, రూ.1.15 లక్షలు. కప్లింగులు, పైపులు, డ్రెయిన్ వాల్వులు మార్చడానికి కొన్ని వేలు చాలు. ఒత్తిడి ఒక బార్ తగ్గించగలిగితే ఇంకో ఆరేడు శాతం.

ఇక్కడే పథకం నిర్మాణంలో ఒక లోపం బయటపడుతుంది. పొదుపును ఆడిట్ నాటి వినియోగంతో పోల్చి చూస్తారు. ముందే లీకులు సరిచేసుకున్న యూనిట్ వినియోగం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, తర్వాత 10 శాతం చూపడం కష్టమవుతుంది. బాగు చేసుకోనివాడికి లెక్క సులువు. అయినా ఆడిట్ కోసం లీకులు ఉంచుకోవడం నష్టమే. ఏడాదికి రూ.1.15 లక్షలు గాల్లో పోగొట్టుకుని, పైన చెప్పిన అప్పు మీద ఏడాదికి సగటున రూ.50 వేల రాయితీ కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు.

బిల్లు తగ్గడం, ఇంధనం తగ్గడం ఒకటి కాదు

హైటెన్షన్ (హెచ్‌టీ) వినియోగదారులకు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే పనికొచ్చిన యూనిట్ల మీద కాక లైన్ నుంచి లాగిన మొత్తం మీద వస్తుంది. వాడింది 10,000 యూనిట్లే అయినా పవర్ ఫ్యాక్టర్ (లాగినదాంట్లో పనికొచ్చిన వాటా) 0.85 ఉంటే మీటరు 11,765 చూపుతుంది. 0.99కి తెస్తే 10,101. తక్కువ ఖర్చుతో కెపాసిటర్లు చేసే ఈ పని మంచిదే. కానీ మోటారు షాఫ్ట్ దగ్గర వాడిన శక్తి దాదాపు అంతే, కాబట్టి దాన్ని ఇంధన పొదుపుగా ఆడిటర్ రాయడు. సీజన్ అయిపోయాక మిల్లు ఆపి, కెపాసిటర్లను లైన్‌లోనే వదిలేయడం ఇంకో పొరపాటు.

డిమాండ్ చార్జీ కూడా ఇలాంటిదే. గరిష్ఠంగా ఇంత లాగుతామని ఒప్పుకున్న కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి తగ్గకుండా బిల్లు పడుతుంది. 200 కేవీఏ ఒప్పందం ఉంటే కేవీఏకి రూ.475 చొప్పున మిల్లు తిరగని నెలలోనూ రూ.76 వేలు. సీజనల్ పరిశ్రమలకు విడి నిబంధనలున్నాయి, కానీ ముందుగా రాతపూర్వకంగా కోరినవారికే. ఒక్కోసారి ఈ ఒక్క దరఖాస్తు మోటార్లు మార్చడం కంటే ఎక్కువ మిగులుస్తుంది.

విజయనగరం జిల్లా ఫెర్రో అల్లాయ్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమలోహం) ఫర్నేసుల సంగతి పూర్తిగా వేరు. సిలికో మాంగనీస్ టన్నుకు సుమారు 4,000 యూనిట్లు కావాలి. ఖనిజంలో తేమ, పొడి శాతం తగ్గించి, ఎలక్ట్రోడ్ కదలికను సరిచేసి 2 శాతం మిగిల్చినా టన్నుకు 80 యూనిట్లు. కానీ టారిఫ్‌లో రూపాయి అటూ ఇటూ అయితే టన్నుకు రూ.4,000 మారుతుంది. ఫర్నేసు నడవాలా ఆగాలా అన్నది అక్కడ తేలుతుంది. వడ్డీ రాయితీ ఆ నిర్ణయాన్ని మార్చే స్థాయిలో లేదు.

రెండు సీజన్ల గడువు

దరఖాస్తు దారి ఇలా ఉంటుంది: పెట్టుబడికి పనికొచ్చే స్థాయి ఎనర్జీ ఆడిట్, దాని ఆధారంగా ప్రాజెక్టు నివేదిక, బ్యాంకు అప్పు, యంత్రాల బిగింపు, తర్వాత మళ్లీ కొలత. మొదటి కొలత, చివరి కొలత రెండూ మిల్లు పూర్తి లోడు మీద ఉన్నప్పుడే చేయాలి. ఆగస్టులో వచ్చిన ఆడిటర్‌కు ఖాళీ మిల్లు కనిపిస్తుంది. ఆయన నేమ్‌ప్లేట్లు చూసి రాసుకుపోతాడు. ఆ అంచనా పొదుపు తర్వాత మీటరులో దొరకదు.

కాబట్టి సీజనల్ యూనిట్‌కు ఒక ప్రాజెక్టు అంటే రెండు సీజన్లు: ఒక సీజన్‌లో కొలత, ఖాళీ నెలల్లో బిగింపు, తర్వాతి సీజన్‌లో మళ్లీ కొలత. 2027-28తో ముగిసే పథకానికి ఈ లెక్క చాలా ఇరుకు. ఒక సీజన్ కొలత తప్పిపోతే గడువు లోపల చివరి కొలత అందకపోవచ్చు. ఏడాది పొడుగునా నడిచే పైడిభీమవరం ఫార్మా యూనిట్లకు ఈ ఇబ్బంది లేదు. నిధుల్లో ఎక్కువ వాటా అటువైపు వెళ్లే అవకాశముంది.

ఆడిటర్ వచ్చేలోపు మిల్లు చేయగలిగిన పని ఒకటుంది. కోతలయ్యాక ధాన్యం జోరుగా ఆడే రోజుల్లో, ఏకబిగిన 15 రోజులు నాలుగు అంకెలు రాయాలి: ఆడిన ధాన్యం టన్నులు, పొయ్యిలోకి వెళ్లిన ఊక బరువు, బాయిలర్ ఫీడ్ లైన్ నీటి మీటరు రీడింగు, కరెంటు యూనిట్లు. ఊకను రోజంతా తూచడం కుదరకపోతే షిఫ్టుకు ఒక గంట తూచినా చాలు, కానీ ప్రతి షిఫ్టులోనూ తూచాలి. రాత్రి షిఫ్టు ఫైర్‌మన్ పొయ్యి వేసే తీరు పగటివాడి తీరులా ఉండదు. నెల బిల్లు తగ్గిందంటే ధాన్యం తక్కువ ఆడినందుకా, ఇంధనం మిగిలినందుకా అన్నది టన్నుకు ఎంత అన్న అంకెలోనే తెలుస్తుంది. పాతిక వేలలోపు నీటి మీటరు, మిల్లులో ఎలాగూ ఉండే కాటా, ఒక నోటుపుస్తకం. బ్యాంకు మేనేజరు అడిగే 10 శాతానికి ఆధారం ఆ పుస్తకమే.